1,912 ఫొటోల్లో పెదనాన్న లేరు

ముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలకి. తణుకులో ఓ ఫంక్షన్ హాలు. పెళ్లికూతురు మా పెదనాన్న కూతురు, అంటే నాకు అక్క. నా చేతిలో కోఠిలో కొన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా, బుర్ర నిండా యూట్యూబ్ జ్ఞానం.

పంతులుగారు చెయ్యి పైకెత్తారు. గట్టిమేళం మోగింది. అడ్డుతెర దిగింది. అందరి చేతుల్లోంచి అక్షింతలు లేచాయి. నేను టకటకా నొక్కుతూనే ఉన్నాను, పదిహేను ఫొటోలు. తీరా స్క్రీన్ మీద చూసుకుంటే పదిహేనింటిలోనూ ఒకటే దృశ్యం. వీడియో తీసే ఆయన వీపు. నీలం చొక్కా, చెమటకి తడిసిన మరక. ఫోకస్ మాత్రం అద్భుతంగా కుదిరింది.

ఇది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వు రాని సంగతి ఇంకొకటుంది. అది నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది.

దసరా వెళ్లిన వారానికి పెదనాన్న పోయారు. గుండెపోటు. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలి, ఇంట్లో పెట్టడానికి ఫ్రేము కట్టించాలి. మంచి ఫొటో ఒకటి కావాలి. అందరూ నా వైపే చూశారు. "అక్క పెళ్లిలో నువ్వేగా తీసింది, అందులో బోలెడుంటాయి కదరా" అన్నారు నాన్న. నాకూ అదే ధైర్యం. హార్డ్ డిస్క్ తీసి లాప్‌టాప్‌కి పెట్టాను. మొత్తం 1,912 ఫొటోలు.

అక్క చెవి జుంకీలు క్లోజప్‌లో పదకొండు రకాలుగా ఉన్నాయి. గోరింటాకు చేతులు, పూల జడ, పూర్ణకుంభం, మామిడాకుల తోరణం, తోరణం వెనక మసగ్గా వెలుగుతున్న సీరియల్ బల్బులు... అన్నీ ఉన్నాయి. పెదనాన్న మాత్రం లేరు. అసలు లేరని కాదు. కన్యాదానంలో తల వంచుకుని ఉన్నారు, మొహం కనపడదు. ఒకదాంట్లో సగం మొహం, మిగతా సగం ఫ్రేమ్ బయట. ఒకదాంట్లో భోజనాల దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ నడుస్తున్నారు, మొత్తం షేక్. ఇంకోదాంట్లో పెళ్లికొడుకు వెనకాల ఒక గోధుమరంగు మసక. ఆ మసకే ఆయన.

కూతురి పెళ్లికి ఆరు నెలలు తిరిగిన మనిషి. ఆ రాత్రంతా కాలు నిలవకుండా తిరిగిన మనిషి. నేను ఆయన పక్కనుంచి కనీసం వందసార్లు వెళ్లుంటాను. కెమెరా ఎత్తలేదు. ఎందుకంటే ఆయన స్టేజీ మీద లేరు.

చివరికి ఫొటో దొరికింది. నేను తీసింది కాదు. మా అత్తయ్య మనవడు తీసింది. వాడప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ల అమ్మ ఫోన్ పట్టుకుని ఊరికే తిరుగుతూ హాలు వెనక వంటల షెడ్డులోకి వెళ్లాడట. అక్కడ పెదనాన్న పంచె పైకి కట్టి, వంట మేస్త్రి ఇచ్చిన పులిహోర రుచి చూస్తూ పెద్దగా నవ్వుతున్నారు. వాడు నొక్కాడు. ఇవాళ మా పెద్దమ్మ ఇంట్లో దండ వేసిన ఫొటో అదే. వెనకాల గాడిపొయ్యి, డేగిసాలు తీసేయించి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెట్టించారు. నవ్వు మాత్రం అలాగే ఉంది.

ఆ తర్వాత చాలా పెళ్లిళ్లకి కెమెరా పట్టుకెళ్లాను. సరదాగా ఫొటోలు తీసే మీలాంటి వాళ్ల కోసం నేను నేర్చుకున్నవి కొన్ని ఇక్కడ చెప్తున్నాను. మీ దగ్గర పెద్ద కెమెరా ఉన్నా, ఫోన్ ఒక్కటే ఉన్నా పనికొస్తాయి.

మీ పని స్టేజీ మీద లేదు

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఇవాళ్టి పెళ్లిలో స్టేజీ ముందు మీకు చోటు లేదు. ట్రెడిషనల్ ఫొటోగ్రాఫర్ ఒకరు, క్యాండిడ్ ఫొటోగ్రాఫర్ ఒకరు, వీడియో వాళ్లిద్దరు, లైట్లు పట్టుకునే కుర్రాళ్లు, మీద తిరిగే క్రేను. వాళ్లు డబ్బు తీసుకుని వచ్చినవాళ్లు. తాళి కట్టే ఫొటో రాకపోతే మాట పడేది వాళ్లే. మనం మధ్యలో దూరితే వాళ్ల పనీ చెడుతుంది, మనదీ చెడుతుంది. ఆ నీలం చొక్కా ఆయన నాకు అడ్డం రాలేదు, నేనే ఆయన వెనక తప్పు చోట నిలబడ్డాను.

కానీ వాళ్లకి లేనిది మనకొకటుంది. ఎవరు ఎవరో మనకి తెలుసు.

మూడో వరసలో కూర్చున్న ముసలావిడ పెళ్లికొడుకుని చిన్నప్పుడు పెంచిన అమ్మమ్మ అని ఫొటోగ్రాఫర్‌కి తెలీదు. గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ ఇద్దరూ గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములని తెలీదు. వాళ్లిప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని భోంచేస్తున్నారంటే, ఆ ఫొటో ఎంత విలువైనదో ఆ ఇంటి మనిషికే అర్థమవుతుంది. ఎన్ని లక్షలిచ్చినా బయటినుంచి వచ్చినవాడికి అది కనపడదు. మనకి కనపడుతుంది. అందుకే ఇంటి మనిషి చేతిలో కెమెరాకి వేరే పనుంది.

మా అమ్మానాన్నల పెళ్లి 1993లో. ఆల్బమ్‌లో 68 ఫొటోలున్నాయి. రీలుకి 36 చొప్పున రెండు రీళ్లు, అంతే. ప్రతి నొక్కుడికీ ఖర్చు. అందుకే ఊళ్లో స్టూడియో ఆయన నగలు, పూలు తీయలేదు. మనుషుల్ని తీశాడు. ఒక్కో కుటుంబాన్నీ పిలిచి, నిలబెట్టి, "చూడండి ఇటు" అని ఒక్కొక్కటి. అందరూ కొయ్యబొమ్మల్లా ఉన్నారు, నిజమే. కానీ అందరూ ఉన్నారు. ఆ 68లో మా పెదనాన్న తొమ్మిదింటిలో కనపడతారు. నా 1,912లో ఒక్క మంచిదీ లేదు. మనకి ఫ్రీగా దొరికిన నొక్కుళ్లన్నీ ఎటు పోతున్నాయో ఆలోచించండి.

పెళ్లికి ముందు రోజు: ఒక లిస్టు

ఇప్పుడు నేను పెళ్లికి వెళ్లే ముందు కెమెరా ఛార్జింగ్ కంటే ముందు చేసే పని, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం. "ఎవరెవరు వస్తున్నారు? ఎవరు చాలా కాలం తర్వాత వస్తున్నారు? ఒంట్లో బాగోలేక కూడా ఎవరు వస్తున్నారు?" అని అడుగుతాను. అమ్మమ్మలు, మేనత్తలు ఈ ప్రశ్నకి జవాబు గంటసేపు చెప్తారు. అందులోంచి పది, పన్నెండు పేర్లు ఫోన్‌లో నోట్ చేసుకుంటాను. పెళ్లిలో ఒక్కొక్కరిదీ తీయగానే టిక్ పెడతాను. పెళ్లికూతురి అమ్మానాన్నల పేర్లు ఎప్పుడూ మొదటి రెండు. వాళ్లని ఎవరూ విడిగా తీయరు. వాళ్లు ఎప్పుడూ ఏదో పని మీద పరిగెడుతుంటారు.

రెండోది, తంతు ఏ వరసలో జరుగుతుందో కనుక్కోండి. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది. ఏది ముందో, ఏది వెనకో పంతులుగారినే అడగండి. ఆయన విసుక్కోరు. "బాబూ, ఇదిగో ఈ పక్కన నిలబడు" అని చోటు కూడా చూపిస్తారు. నాకు రెండు పెళ్లిళ్లలో అలాగే జరిగింది.

ఎప్పుడు, ఎక్కడ నిలబడాలి

మన పెళ్లిళ్లలో కెమెరా కంటే చెవులు ఎక్కువ పనిచేయాలి. పంతులుగారు మేళం వాళ్ల వైపు చూసి చెయ్యి ఊపారంటే గట్టిమేళం రాబోతోందని లెక్క. గట్టిమేళం వస్తోందంటే అసలు ఘట్టం వచ్చేసినట్టే. అప్పుడు సెట్టింగులు వెతుక్కుంటే అయిపోయింది.

*గంపలో పెళ్లికూతురు:* మేనమామలు గంపలో పెళ్లికూతుర్ని తెచ్చేటప్పుడు అందరూ ఎదురుగా నిలబడతారు. మీరు దారికి ఒక పక్కకి వెళ్లండి. పెళ్లికూతురు తల వంచుకుని ఉంటుంది. బరువు మోస్తున్న మావయ్యల మొహాలు చూడండి. నవ్వు, ఆయాసం, గర్వం, అన్నీ అక్కడే ఉంటాయి.

*కన్యాదానం:* పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు తల్లిదండ్రులు వంగి ఉంటారు. నిలబడి పైనుంచి తీస్తే తలలే వస్తాయి. మీరూ కింద కూర్చోండి. నేను ఆ రాత్రి చేసిన పెద్ద తప్పుల్లో ఇదొకటి. మోకాలు వంచి ఉంటే పెదనాన్న మొహం దొరికేది.

*జీలకర్ర బెల్లం:* సుముహూర్తం ఇదే. తలల మీద చేతులు కాసేపు అలాగే ఉంటాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు. కానీ తెర దిగి ఒకర్నొకరు చూసుకునే క్షణం మాత్రం ఒక్కటే. అది ప్రొఫెషనల్స్‌కి వదిలేసి, మీరు వెనక్కి తిరగండి. స్టేజీ కింద అమ్మ, అక్కచెల్లెళ్లు, స్నేహితులు ఎలా చూస్తున్నారో తీయండి.

*మాంగల్యధారణ:* అక్షింతలు వానలా పడుతుంటాయి. కెమెరా ఆటోఫోకస్ మొహాల్ని వదిలేసి గాల్లో ఉన్న బియ్యపు గింజల్ని పట్టుకుంటుంది. ముందే మొహం మీద ఫోకస్ లాక్ చేసి పెట్టుకోండి. మొత్తం మనుషుల్ని అన్ని వైపులా వెతికే ఫోకస్ మోడ్ వద్దు, ఒకే చిన్న పాయింట్ పెట్టుకోండి. కెమెరాకి కళ్లని వెంటాడే ఫోకస్ ఉంటే అది ఇంకా మంచిది.

*తలంబ్రాలు:* ఇక్కడ అందరూ నవ్వుతారు. ఎవరు ముందు పోస్తారా అని పోటీ. ఇప్పుడు బియ్యంతో పాటు ముత్యాలు, థర్మకోల్ బంతులు కూడా కలుపుతున్నారు. అవి గాల్లో ఆగినట్టు రావాలంటే షట్టర్ స్పీడు 1/500 దాకా ఉండాలి. గీతల్లా జారుతున్నట్టు కావాలంటే 1/60 చాలు, కాకపోతే మొహాలు కదలకూడదు.

*అప్పగింతలు:* ఇక్కడ ఎక్కువ చెప్పను. దూరంగా ఉండి తీయండి. ఫ్లాష్ వేయొద్దు. ఏడుస్తున్న తల్లి మొహం మీదికి లెన్స్ తోసే హక్కు మనకి లేదు. నాలుగు ఫొటోలు తీసి కెమెరా దించేసి, మీరూ వెళ్లి అక్క చెయ్యి పట్టుకోండి. మీరు ఆ ఇంటి మనిషి కదా.

వెలుతురుతో కుస్తీ

ఆ రాత్రి నా ఫొటోలు అంత షేక్ అవడానికి కారణం ఒక మూఢనమ్మకం. ఐఎస్‌ఓ 400 దాటితే ఫొటోలో నాయిస్ వస్తుందని ఎక్కడో విన్నాను. 400 దగ్గరే మేకు కొట్టినట్టు ఉంచేశాను. వెలుతురు చాలక కెమెరా షట్టర్ స్పీడుని 1/15కి దించేసింది. అంటే సెకనులో పదిహేనో వంతు సేపు షట్టర్ తెరిచే ఉంది. ఈలోపు మనిషి అడుగు వేశాడంటే మసకే.

గింజలు గింజలుగా ఉన్న ఫొటోని ఎవరైనా చూస్తారు. షేక్ అయిన ఫొటోని ఎవరూ బాగుచేయలేరు. కాబట్టి రాత్రి హాల్లో ఐఎస్‌ఓ 1600, 3200 దాకా పోనివ్వండి. ఈమధ్య వచ్చిన కెమెరాలైతే 6400 కూడా తట్టుకుంటాయి. మనుషులు కదులుతుంటే షట్టర్ 1/125 కంటే దించొద్దు, పరిగెడుతుంటే 1/250. ఈ లెక్క కెమెరాకే వదిలేయాలంటే ఆటో ఐఎస్‌ఓ పెట్టి, కనీస షట్టర్ స్పీడు 1/125 అని మెనూలో సెట్ చేసుకోండి.

కొత్తగా ఒక లెన్స్ కొనాలంటే 50 ఎంఎం, ఎఫ్/1.8. పెద్ద కంపెనీల్లో చాలావాటికి ఉంది, సాధారణంగా వాళ్ల లెన్సుల్లో చవకైన వాటిలో ఇదొకటి. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేసినప్పుడు ఎఫ్/5.6కి వెళ్లిపోతుంది. ఎఫ్/1.8 దాంతో పోలిస్తే సుమారు పది రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. జూమ్ ఉండదు, మీరే ముందుకీ వెనక్కీ నడవాలి. నడవండి, పెళ్లి భోజనం అరుగుతుంది.

ఫ్లాష్ ఉంటే దాన్ని నేరుగా మొహం మీద కొట్టకుండా పైకి తిప్పమంటారు. తెల్లటి సీలింగ్ ఉంటేనే ఆ చిట్కా పనిచేస్తుంది. పైన ఎర్ర షామియానా ఉంటే వెలుగు ఎర్రగా తిరిగొచ్చి అందరూ జ్వరం వచ్చినట్టు కనపడతారు. అలాంటి చోట ఫ్లాష్ మానేయడమే నయం.

ఇంకో తలనొప్పి ఎల్‌ఈడీ లైట్లు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చాలా లైట్లు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. 1/1000 లాంటి స్పీడులో తీస్తే ఫొటో మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. 1/100, లేదా 1/50 పెడితే చాలామట్టుకు పోతాయి. కొన్ని కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయండి. హాల్లో అడుగుపెట్టగానే స్టేజీ మీద ఎవరూ లేనప్పుడే రెండు మూడు ఫొటోలు తీసి చూసుకోండి.

ఊదా రంగు, గులాబీ రంగు లైట్లు వేసి మనుషుల్ని గ్రహాంతరవాసుల్లా చేస్తారు కదా. దీనికి ఫొటోషాప్ కంటే మంచి మందుంది. లైటింగ్ ఆపరేటర్ దగ్గరికి వెళ్లి, "అన్నా, ముహూర్తం టైమ్‌కి తెల్ల లైటు వేస్తావా?" అని మర్యాదగా అడగడం. చాలామంది వేస్తారు. వాళ్లని అడిగేవాళ్లే ఉండరు. రంగుల్ని తర్వాత సరిచేసుకోవాలనుకుంటే రా ఫార్మాట్‌లో తీయండి. ఒక్కో ఫైలు బరువుగా ఉంటుంది, కార్డులు త్వరగా నిండుతాయి. ఇంకో కార్డు జేబులో ఉండాలి.

ఫోన్ ఒక్కటే ఉంటే

ఏం తక్కువ కాదు. మా ఇంట్లో గోడ మీదున్నది ఫోన్ ఫొటోనే. నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, లెన్స్ తుడవండి. జేబులో, పర్సులో తిరిగి, పులిహోర చేతులు తగిలి జిడ్డుగా ఉంటుంది. లైట్లన్నీ గీతలు గీతలుగా రావడానికి సగం కారణం అదే. మెత్తటి గుడ్డ చాలు.

రెండు, రెండు వేళ్లతో లాగి జూమ్ చేయొద్దు. మీ ఫోన్‌లో విడిగా టెలిఫొటో లెన్స్ ఉంటే ఆ బటన్ వాడండి, లేకపోతే దగ్గరికి నడవండి.

మూడు, మొహం మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. పక్కనే వచ్చే సూర్యుడి బొమ్మని కిందికి లాగితే వెలుగు తగ్గుతుంది. హోమం దగ్గర ఇది బాగా పనికొస్తుంది, లేకపోతే మంట తెల్లటి ముద్దలా వస్తుంది.

నాలుగు, నైట్ మోడ్ నిలబడ్డవాళ్లకే. అది ఎక్కువసేపు వెలుతురు పోగేసుకుని ఫొటో తయారుచేస్తుంది. కదిలే మనుషుల మీద వాడితే దెయ్యాలొస్తాయి.

రోల్‌బ్యాక్ లేని రిలీజ్

నేను పగలు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా దగ్గర కొత్త వెర్షన్ రిలీజ్ చేసి ఏదైనా పగిలితే పాతదానికి వెనక్కి వెళ్లిపోతాం. దాన్ని రోల్‌బ్యాక్ అంటాం. పెళ్లికి రోల్‌బ్యాక్ లేదు. "కార్డు కరప్ట్ అయింది, మళ్లీ తాళి కట్టండి" అని ఎవరికీ చెప్పలేం.

అందుకే కెమెరా కొత్తలో మీ స్నేహితుడెవరైనా "ఫొటోగ్రాఫర్‌కి డబ్బెందుకు దండగ, నువ్వే తీసెయ్యరా" అంటే ఒప్పుకోవద్దు. మొహమాటానికి అసలు ఒప్పుకోవద్దు. ప్రొఫెషనల్స్ రెండు కెమెరాలు తెస్తారు, ఒకేసారి రెండు కార్డుల్లో రాసుకునే బాడీలు వాడతారు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరిని పంపుతారు. మన దగ్గర ఉన్నది ఒక కెమెరా, ఒక కార్డు, ఒక ప్రాణం. "మీరు ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకోండి, నేను పక్కన ఉండి నా ఫొటోలు తీస్తాను" అని చెప్పండి. ముందు నిశ్చితార్థాలు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, గృహప్రవేశాలు తీయండి. ఐదారు అయ్యాక మీకే తెలుస్తుంది, ఎంతవరకు మోయగలరో.

ఫొటోలు తీశాక పాటించాల్సిన నియమం ఒకటే. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. నా విషయంలో లాప్‌టాప్, హార్డ్ డిస్క్, క్లౌడ్. మూడూ అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయను. పెళ్లి నుంచి వచ్చిన రాత్రి ఎంత నిద్రొస్తున్నా కాపీ పెట్టి పడుకుంటాను.

తర్వాత వడపోత. 1,912 ఫొటోల్ని ఎవరూ చూడరు. మా అక్క ఇప్పటికీ మొత్తం చూడలేదు. 150 ఇస్తే ఒకే కూర్చున్న పట్టున చూస్తారు. ఒకేలాంటివి పదుంటే ఒకటి ఉంచండి. కానీ ఒక జాగ్రత్త. "ఇది బాలేదు" అని తీసేసేటప్పుడు, అందులో ఉన్న మనిషికి వేరే ఫొటో ఉందా లేదా చూసుకోండి. లేకపోతే కాస్త షేక్ అయినా అది ఉంచాలి.

పంపేటప్పుడు మామూలుగా వాట్సాప్‌లో పెట్టేయొద్దు, అది సైజు నొక్కేస్తుంది. ఫోన్‌లో బాగానే కనపడుతుంది, ప్రింట్ వేయిస్తే బండారం బయటపడుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. ఇన్‌స్టాలో పెట్టే ముందు పెళ్లికూతుర్ని అడగండి. మొదటి ఫొటో పెట్టుకునే సరదా వాళ్లది. పిల్లల ఫొటోలైతే వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా అసలు పెట్టొద్దు.

చివరి వరసలో

పోయిన ఏడాది మా బాబాయ్ కొడుకు పెళ్లి. పెదనాన్న పోయాక ఇంట్లో మొదటి శుభకార్యం. నా లిస్టులో మొదటి పేరు పెద్దమ్మ.

హాల్లో వెతికితే ఎక్కడా కనపడలేదు. చివరికి ఆఖరి వరసలో, కూలర్ పక్కన, గోడవైపు కుర్చీలో కూర్చుని ఉంది. మా నాన్న రెండుసార్లు వచ్చి పిలిచినా స్టేజీ వైపు రాలేదట. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే నేనెందుకురా అక్కడ" అంది. ఎవరూ రావద్దని చెప్పలేదు. తనే అలా అనుకుంది. ఆమెకి చిన్నప్పటినుంచీ ఎవరో చెప్తూనే వచ్చారు కదా. స్టేజీ మీద ఉన్న నలుగురు ఫొటోగ్రాఫర్లలో ఎవరి లెన్సూ ఆ మూలకి చేరదు. వాళ్ల తప్పు కాదు. ఆమె ఎవరో వాళ్లకి తెలీదు.

నేను కెమెరా ఎత్తాను. "నాకెందుకు ఫొటో, వెళ్లి వాళ్లని తియ్యి" అని మొహం తిప్పుకుంది. సరేనని కెమెరా ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాను. వెళ్లలేదు. ఇద్దరం పెళ్లి చూశాం. గాడిపొయ్యి దగ్గర పులిహోర సంగతి తనే ఎత్తింది. "ఆరోజు ఉప్పు తక్కువైందని మీ పెదనాన్న వాళ్లతో గొడవ పెట్టుకున్నారు తెలుసా" అని నవ్వింది.

గట్టిమేళం మోగింది. అక్షింతలు స్టేజీ దగ్గరివాళ్లే వేస్తున్నారు. పెద్దమ్మ కొంగులోంచి గుప్పెడు తీసింది. ఎప్పుడు కట్టుకుందో, ఎవరిచ్చారో. కూర్చున్న చోటే లేచి నిలబడి, స్టేజీ వైపు విసిరింది. అంత దూరం నుంచి అవి ముందున్న రెండు వరసల మీద పడ్డాయి. వాళ్లు వెనక్కి తిరిగి చూసి నవ్వారు. తనూ నవ్వింది. అప్పుడు తీశాను. ఐఎస్‌ఓ 3200, 1/125, ఎఫ్/2. కాస్త నాయిస్ ఉంది.

వెంటనే స్క్రీన్ మీద చూపించాను. వద్దంటే అక్కడే తీసేద్దామనుకున్నాను. కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూసింది.

"కాగితం మీద తీయించి పెట్టరా" అంది.

రెండు ప్రింట్లు వేయించాను, పోస్ట్‌కార్డ్ సైజు. ఒకటి పెద్దమ్మకి ఇచ్చాను. రెండోది నా కెమెరా బ్యాగు లోపలి జేబులో ఉంటుంది. పెళ్లికి బయల్దేరే ముందు బ్యాటరీలు, కార్డులు అందులోనే సర్దుకుంటాను.